తోట గేటు దగ్గర ఆగిపోయిన కథ

నిరుడు రాజమండ్రిలో జరిగిన ఒక సాహిత్య సమావేశంలో ఓ పెద్దాయన ఎంతో ధీమాగా ఒక మాట అన్నారు. "నవలంటే కుటుంబం ఉండాలండీ. నలుగురు ఆడవాళ్ళు ఒకచోట చేరితే అది హాస్టలవుతుంది గానీ ఇల్లెలా అవుతుంది? హాస్టలు మీద మహా అయితే ఓ కథ రాసుకోవచ్చు. నవలెక్కడిది?" సభంతా నవ్వింది. వెనక వరసలో కూర్చున్న మేం నలుగురం నవ్వలేదు. మాతో వచ్చిన ఒకామె సంచిలో నాలుగు లావుపాటి నోటుపుస్తకాలున్నాయి. ఒక వసతి గృహంలో తాను గడిపిన పదకొండు నెలల గురించీ, తనతోపాటు ఆ గదుల్లో ఉన్న ఆడవాళ్ళ గురించీ రాసుకున్నవి. ఎవరైనా పెద్దవాళ్ళకి చూపించి ఇది నవలవుతుందా అని అడుగుదామని తెచ్చుకుంది. టీలు అయిపోయాక కూడా సంచి తెరవలేదు. బస్సెక్కేముందు మాత్రం నాతో అంది: "పోన్లెండి. నవల కాదంట కదండీ. ఇంకేంటో మరి."

ఆ "ఇంకేంటో" గురించే ఈ వ్యాసం.

ఆ మాట మరే ఊళ్ళోనైనా అని ఉంటే నాకింత కోపం వచ్చేది కాదేమో. అన్నది రాజమండ్రిలో. 1881 డిసెంబరు 11న వీరేశలింగం పంతులు మొదటి వితంతు వివాహం జరిపించిన ఊరు ఇది. పెళ్ళి తేదీ మనకి కంఠతా వచ్చు. బడిలో చెప్పారు, పరీక్షలో రాశాం. పెళ్ళికి ముందూ, పెళ్ళికి తర్వాతా ఆ పిల్లలు ఎక్కడున్నారన్నది మాత్రం ఏ పరీక్షలోనూ అడగలేదు. పంతులుగారింట్లో ఉన్నారు. రాత్రివేళ రహస్యంగా పుట్టింటి నుంచి తీసుకొచ్చిన పిల్లలు, పెళ్ళయ్యాక ఎవరూ ఇల్లు అద్దెకివ్వని జంటలు, అందరూ రాజ్యలక్ష్మమ్మ వంటింటి మీదే బతికారు. వెలివేత భయానికి వంటవాళ్ళు మానేశారు, నీళ్ళు తెచ్చేవాళ్ళు మానేశారు. ఆవిడే గోదావరికి వెళ్ళి బిందెలతో నీళ్ళు మోసుకొచ్చి అంతమందికీ వండిపెట్టింది. సంస్కరణోద్యమ చరిత్రలో దీన్ని "భర్తకు సహకరించిన ఇల్లాలు" అని ఒక్క వాక్యంలో రాస్తారు. నాకైతే అది తెలుగునాట ఆడవాళ్ళు కలిసి బతికిన తొలి ఇళ్ళలో ఒకటిగా కనబడుతుంది. ఆ ఇంట్లో ఎవరు ఎవరి పక్కన పడుకున్నారు, ఎవరు ఎవరికి తల దువ్వారు, పెరుగుతున్న జుట్టుని అద్దంలో చూసుకుని ఏ పిల్ల ఏడ్చింది, ఏ పిల్ల నవ్వింది, ఎవరు పెళ్ళి వద్దన్నారు, వద్దన్నవాళ్ళని ఏం చేశారు? పంతులుగారు స్వీయచరిత్ర రాసుకున్నారు. ఆ పిల్లల మాట మాత్రం మనదాకా రాలేదు. చరిత్రలో వాళ్ళు వధువులు. అంతే.

ఇంకో చిత్రం చూడండి. తెలుగు నవలకి పుట్టినిల్లు కూడా ఇదే. 1878లో మొదలైన 'రాజశేఖర చరిత్రము' ధవళేశ్వరంలో తెరుచుకుంటుంది. ఒక ఇంటి యజమాని మోసగాళ్ళ చేతిలో పడి ఆస్తి పోగొట్టుకుని, భార్యాబిడ్డలతో ఊరు విడిచి, నానా అగచాట్లు పడి మళ్ళీ నిలదొక్కుకుంటాడు. అంటే మన నవల పుట్టుకతోనే ఇంటి యజమానిది. ఇల్లు పోవడమూ ఆయనదే, ఇల్లు తిరిగి రావడమూ ఆయనదే. ఆడవాళ్ళు సామానుతోపాటు బండెక్కుతారు, సామానుతోపాటు దిగుతారు. ఆడవాళ్ళదే రాజ్యమైన దేశం కూడా పంతులుగారి ఊహకు అందకపోలేదు. 'సత్యరాజా పూర్వదేశ యాత్రలు'లో ఆడుమళయాళం ఉంది కదా! అక్కడ మగవాళ్ళు పడే పాట్లు చదివి మన మగవాళ్ళు బుద్ధి తెచ్చుకోవాలని ఆయన ఉద్దేశం. మంచి ఉద్దేశమే. కానీ అక్కడ కూడా పాట్లు పడేది మగవాడే కాబట్టి కథ నడిచింది.

శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి 'అరికాళ్ళకింద మంటలు' మనలో చదవనివాళ్ళు తక్కువ. రామచంద్రపురం దగ్గర పొలమూరులో 1891లో పుట్టిన ఆయన, గోదావరి జిల్లా లోగిళ్ళలో ఆడవాళ్ళ మాట ఎలా ఉంటుందో తెలిసి రాసినవాడు. ఇంట్లో ప్రతి ఒక్కరూ ఆ వితంతువు పిల్లకే పని పురమాయిస్తారు. కన్నవాళ్ళూ అంతే, తోడబుట్టినవాళ్ళూ అంతే. ఇంటెడు చాకిరీ చేసి చేసి, ఒక రాత్రి గడప దాటి, వీరేశలింగం పంతులుగారి తోటకి బయల్దేరుతుంది. మనకి ఊపిరి ఆడుతుంది. కథ అయిపోతుంది.

చిన్నకథ అక్కడ ఆగడం కళగా సబబే కావచ్చు. శాస్త్రిగారి మీద నాకే ఫిర్యాదూ లేదు. నా ఫిర్యాదు ఆయన తర్వాత వచ్చిన మన మీద. ఆ పిల్ల తోట గేటు దాకా వచ్చింది. గేటు తీసింది ఎవరు? మొదటి రాత్రి ఎక్కడ పడుకుంది? తెల్లారి లేచి "ఇవాళ ఏం పని చెయ్యాలి" అని అడిగిందా, ఏ పనీ చెప్పని పొద్దు చూసి కంగారుపడిందా? ఇన్ని దశాబ్దాల్లో ఆ గేటు లోపలికి వెళ్ళి చూడాలని మన నవలకి పట్టుదల పుట్టలేదేం?

గడప దాటే ఘట్టం మాత్రం మనకి బాగా వచ్చు. చలం 'మైదానం'లో రాజేశ్వరి ప్లీడరు మొగుణ్ణి వదిలి అమీర్‌తో వెళ్ళిపోతుంది. రంగనాయకమ్మగారి 'జానకి విముక్తి'లో జానకి బయటికి వస్తుంది. 1987లో ఓల్గా 'స్వేచ్ఛ'లో అరుణ బయటికి వస్తుంది. ఈ నవలలు మనల్ని తయారుచేశాయి. వాటిని కించపరచడం నా ఉద్దేశం కాదు. 'స్వేచ్ఛ' చదివి పుట్టింటికి ఉత్తరం రాసిపెట్టి వచ్చేసిన ఆడవాళ్ళని నేనెరుగుదును. కానీ బయటికి వచ్చిన ఆడది తెలుగు నవలలో ఎక్కువగా ఒంటరిగా నిలబడుతుంది, లేదా ఇంకో మగవాడి పక్కన నిలబడుతుంది. ఇంకో ఆడదాని పక్కన చాప పరుచుకోవడం, ఆమె గురకకి విసుక్కోవడం, ఆమె పచ్చడి జాడీలోంచి తినడం, ఆమె పిల్లాడికి జ్వరమొస్తే మేలుకోవడం, ఇదంతా నవల చివరి పేజీ తర్వాత జరిగే వ్యవహారం అయిపోయింది. వంటింటిని మాత్రం వదల్లేదు మనం. విమల 'వంటిల్లు' కవిత మన సభల్లో చదవని ఏడాది లేదు. పి. సత్యవతిగారి 'ఇల్లలకగానే' కథలో ఇల్లాలు ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మర్చిపోతే, అది మన కథే అని అందరం గొంతు కలిపాం. పాత ఇంటి గుట్టు రట్టు చేశాం. కొత్త ఇంటికి పునాది ఎక్కడ అన్న దగ్గర గొంతు సన్నబడింది.

ఇది అసాధ్యమైన పనా? బెంగాలీలో 1924లోనే జరిగింది. రొకేయా సఖావత్ హుస్సేన్ 'పద్మరాగ్' అనే నవల రాసింది. ఆమె 'సుల్తానా కల' మనలో చాలామందికి తెలుసు, ఈ నవల తెలిసినవాళ్ళు తక్కువ. దీనతారిణి అనే బ్రహ్మసమాజ వితంతువు నడిపే తారిణీ భవన్‌లో హిందూ, ముస్లిం, క్రైస్తవ స్త్రీలు కలిసి ఉంటారు. అక్కడ బడి ఉంది, పని నేర్పే చోటు ఉంది, దిక్కులేనివాళ్ళకి ఆశ్రయం ఉంది. ఒక్కొక్కరూ తాము అక్కడికి ఎలా చేరారో చెప్పుకుంటారు. పిచ్చివాడైన మొగుడి నుంచి చట్టం విడాకులివ్వనందుకు నలిగిపోయిన ఇంగ్లీషు స్త్రీ కూడా వాళ్ళలో ఉంటుంది. ఆ రోజుల్లో ఆ మాట రాయడానికి ఎంత గుండె కావాలి! చివరికి కథానాయిక సిద్దికా, మనసున్న మంచివాడే ఎదురుగా ఉన్నా, సంసారంలోకి వెళ్ళనని తన దారి తాను చూసుకుంటుంది. రాసినామె ఎవరు? చిన్న వయసులోనే వితంతువై, 1911లో కలకత్తాలో ముస్లిం ఆడపిల్లలకి బడి పెట్టి, ఇంటింటికీ తిరిగి పిల్లల్ని పోగుచేసుకున్న మనిషి. పెద్దాయన చెప్పిన లెక్కన తారిణీ భవన్ హాస్టలే. నవల మాత్రం అయింది.

నిజానికి అలాంటి ఇల్లు ఉన్నది ఇక్కడ. నవల వచ్చింది అక్కడ. ఎందుకంటే ఇక్కడ రాసే అధికారం ఇల్లు కట్టించినాయనకే ఉంది, ఉన్నవాళ్ళకి లేదు.

ఇక్కడ మా సంఘంలోని ఒక దళిత మిత్రురాలు నన్ను ఆపింది. "తోట, తోట అంటారేంటి? ఆ పెళ్ళిళ్ళు ఎక్కువగా బ్రాహ్మల పిల్లలకే కదా. మాలో మారుమనువు ఎప్పుడూ ఉంది. మాకెవరూ తోట కట్టలేదు, మా చేతి నీళ్ళు ఆ తోటలో ఎవరు తాగేవాళ్ళో కూడా చెప్పండి. మీరు ఇల్లు వదలడం గురించి పేజీలు పేజీలు రాస్తారు. కాలవగట్టు మీద పాక, ఎప్పుడు పీకుతారో తెలీదు. మాకు వదలడానికి ఇల్లేదమ్మా?" ఆమె మాట పూర్తిగా నిజం. 1852లో ఆనకట్ట పూర్తయ్యాక ఈ డెల్టాలో పొలాలకి నీళ్ళొచ్చాయి, డాబాలొచ్చాయి, సినిమాహాళ్ళొచ్చాయి. ఆ నీళ్ళు పారే కాలవ గట్ల మీదే భూమిలేనివాళ్ళు పాకలు వేసుకున్నారు. ఇల్లు అంటే గడప, లోగిలి, పెరడు అనుకుని మన స్త్రీవాద సాహిత్యం చాలాకాలం మాట్లాడింది. ఆడవాళ్ళ వసతి గృహాల్లో కూడా వంట ఎవరు చెయ్యాలి, బాత్‌రూములు ఎవరు కడగాలి అన్న దగ్గర కులం ఎలా లేచి కూర్చుంటుందో పనిచేసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆ నోటుపుస్తకాల్లో ఒకచోట ఉంది: ఒకే గదిలో ఆరుగురు, ఆరుగురికీ మొగుళ్ళ చేతి దెబ్బలే, అయినా ఒకామె తన చెంబు విడిగా పెట్టుకుంటుంది. మిగతావాళ్ళు మూడు వారాలు చూసీ చూసీ, ఒకరోజు ఆ చెంబులో పువ్వులు పెట్టేస్తారు. ఆమె రెండ్రోజులు మాట్లాడదు. మూడో రోజు చెంబు అలాగే ఉంచి, అందరి గ్లాసుతోనే నీళ్ళు తాగుతుంది. ఇది నవల కాదట!

ఇప్పుడు చట్టం సంగతి. కథల గురించి మాట్లాడుతూ చట్టం ఎందుకంటారా? మన న్యాయశాస్త్రమూ మన నవలా ఒకే ఇంట్లో పుట్టాయి కనక. 1956 హిందూ వారసత్వ చట్టంలో 23వ సెక్షను అని ఒకటుండేది. తండ్రి ఇంట్లో కూతురికి వాటా ఉన్నా, అన్నదమ్ములు పంచుకునేదాకా ఆమె పంచమని అడక్కూడదు. సరే, వాటా తర్వాత, ఉండనివ్వండి అంటే, ఉండే హక్కు ఎవరికి? పెళ్ళి కాని కూతురికి, మొగుడు వదిలేసిన కూతురికి, మొగుణ్ణించి విడిపోయిన కూతురికి, వితంతువుకి. అంటే ఒక ఆడది తాను పుట్టిన ఇంట్లో కాలు పెట్టాలంటే ముందు ఆమె బతుకు చెడాలి. చెడినట్టు రుజువు చూపిస్తే చావిట్లో చోటిస్తారు. ఆ సెక్షను 2005 దాకా అలాగే ఉంది. మన రాష్ట్రంలో 1986లో ఎన్.టి.ఆర్. ప్రభుత్వం కూతుళ్ళకి ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు ఇచ్చింది. 1985 సెప్టెంబరు 5కి ముందే పెళ్ళయిపోయినవాళ్ళకి మాత్రం అందులో చోటు లేదు. 2005లో కేంద్రమే ఆ హక్కుని దేశమంతటికీ ఇచ్చింది. తండ్రి అప్పటికి బతికి ఉన్నాడా లేడా అన్న పేచీ కూడా 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తీర్చేసింది. కాగితం మీద ఇక అడ్డం లేదు.

మరి కోనసీమలో, భీమవరం చుట్టుపక్కల ఎంతమంది కూతుళ్ళు పుట్టింటి వాటా తీసుకున్నారు? అడిగి చూడండి. "పసుపు కుంకుమ కింద అరెకరం ఇచ్చారు కదండీ" అంటారు. దానికి బదులుగా హక్కు వదులుకుంటున్నట్టు సంతకం అడుగుతారు. చీర పెట్టి, భోజనం పెట్టి, రిజిస్ట్రారు ఆఫీసుకి కారులో తీసుకెళ్తారు. సంతకం పెట్టకపోతే ఏమవుతుంది? పుట్టిల్లు పోతుంది. సంతకం పెడితే ఏమవుతుంది? పుట్టిల్లు ఉంటుంది, పండక్కి రెండ్రోజులు. అన్నదమ్ముల పిలుపు కోసం ఆస్తి వదులుకున్న ఆడవాళ్ళని తెలివితక్కువవాళ్ళని మనం అనలేం. చెందడం అనేది ఎంత ఖరీదో వాళ్ళకి తెలుసు. వాళ్ళు కట్టిన ధర అది.

అత్తింటి సంగతీ అంతే. 2005లో గృహహింస చట్టం చేశారు, మర్నాటి ఏడాది అక్టోబరు నుంచి అమలు. ఇల్లు ఎవరి పేరు మీదున్నా, కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు ఆడదానికుందని 17వ సెక్షను చెప్పింది. మనం పండగ చేసుకున్నాం. రెండు నెలలు తిరక్కుండానే ఎస్.ఆర్. బత్రా కేసులో సుప్రీంకోర్టు, అత్తగారి పేరు మీదున్న ఇల్లయితే కోడలికి ఆ హక్కు లేదంది. ఇంకేం, ఇళ్ళన్నీ రాత్రికి రాత్రి అత్తగార్ల పేరు మీదికెళ్ళిపోయాయి! బతికున్నన్నాళ్ళు ఆ ఇంట్లో ఒక గది తనదని చెప్పుకోలేని అత్తగారు, కోడల్ని వెళ్ళగొట్టడానికి మాత్రం యజమాని అయింది. ఆ తీర్పు తప్పని చెప్పడానికి 2020 అక్టోబరు 15న సతీశ్ చందర్ ఆహూజా కేసు దాకా ఆగాల్సొచ్చింది. దాదాపు పద్నాలుగేళ్ళు. ఆ పద్నాలుగేళ్ళలో కోర్టు మెట్ల దగ్గర్నుంచి వెనక్కి వచ్చినవాళ్ళు ఏ ఇంటికి వెళ్ళారు?

కొందరు వసతి గృహాలకి వచ్చారు. 2015 నాటి స్వాధార్ గృహ నిబంధనల్లో గృహహింస బాధితురాలు ఏడాదిదాకా ఉండొచ్చని ఉండేది. మిగతావాళ్ళు మూడేళ్ళు, యాభై అయిదు దాటినవాళ్ళు అయిదేళ్ళు. సఖి కేంద్రంలో అయితే అయిదు రోజులు. 2022లో మిషన్ శక్తి కింద స్వాధార్ పేరు శక్తి సదన్ అయింది. పేర్లలో శక్తి పెరుగుతూనే ఉంది. ఆడది గృహహింస నుంచి తేరుకోవడానికి ఎన్ని రోజులు పడుతుందో ఢిల్లీలో ఎవరో లెక్క కట్టినట్టున్నారు. ఆ నిబంధనల్లోనే ఇంకో వాక్యముండేది. తల్లితోపాటు ఆడపిల్లలు పద్దెనిమిదేళ్ళదాకా ఉండొచ్చు. మగపిల్లలు ఎనిమిదేళ్ళదాకానే. ఆపైన వాణ్ణి పిల్లల హోముకి పంపాలి.

నోటుపుస్తకాల్లో మూడోదాంట్లో ఈ సంగతి ఉంది. కాకినాడ వైపు నుంచి వచ్చిన ఒకామెకి ఏడేళ్ళ పదకొండు నెలల కొడుకు. గదిలో వాళ్ళందరూ ఆ నెల క్యాలెండరు గోడ మీంచి తీసి దాచేస్తారు. వాడి పుట్టినరోజు మాట ఎవరూ ఎత్తకూడదని ఒట్టు. వాడే ఎత్తుతాడు. "ఈసారి కేకు కొంటావా అమ్మా?" అంటాడు. ఆరుగురు ఆడవాళ్ళూ ఒక్కసారే వాడికి ఏదో పని చెబుతారు. ఆ పుట చదివి నేను చాలాసేపు పుస్తకం మూసి పెట్టుకున్నాను. వాడు ఆ ఇంట్లో అందరికీ కొడుకే. నిబంధన దృష్టిలో మాత్రం మగవాడు.

ఇక్కడ మన తప్పు కూడా ఒప్పుకోవాలి. ప్రభుత్వం ఈ ఇళ్ళని ఇళ్ళనుకోలేదు సరే, మనం అనుకున్నామా? మన సంస్థలు మూడు నెలలకోసారి పంపే నివేదికల్లో ఒక గడి ఉంటుంది: కుటుంబంతో తిరిగి కలిపిన కేసులెన్ని? ఆ గడిలో అంకె పెద్దదైతే మనం బాగా పనిచేసినట్టు. అది "పునరావాసం." వెనక్కి పంపడానికి ఇంత చక్కటి పేరు మరెక్కడా దొరకదు. ఇద్దరు ఆడవాళ్ళు వసతి గృహంలో స్నేహమై, బయటికెళ్ళి ఒక గది అద్దెకి తీసుకుని, ఒకరు టిఫిన్ బండి పెట్టి, ఇంకొకరు కుట్టుమిషను పెట్టి కలిసి బతుకుతుంటే దాన్ని ఏ గడిలో వెయ్యాలో మనకి తెలియదు. ఒకసారి నేనే అలాంటి ఇద్దర్ని "ఇతరములు" కింద రాశాను. తర్వాత వాళ్ళిద్దరూ నా దగ్గరికొచ్చి, రేషన్‌కార్డుకి ఎవరి పేరు ఇంటిపెద్దగా రాయించాలని అడిగారు. జవాబు చెప్పలేక టీ ఇచ్చి పంపాను. నవలలో లేని ఇల్లు దరఖాస్తులోనూ ఉండదు. ఆ పెద్దాయన సభలో అన్నదాన్నే మనం ఫైల్లో రాస్తున్నాం.

"వసతి గృహాలంటే తాళాలు, వార్డెన్ల అరుపులు, పప్పులో నీళ్ళు. వాటిని పొగుడుతూ నవలలు రాయమంటారా?" అని మీలో కొందరు అడగొచ్చు. పొగడమనలేదు. సంసారాలు ఎంత దరిద్రంగా ఉన్నా వాటి మీద నవలలు ఆగాయా? అత్త ఆరళ్ళ మీద, తోడికోడళ్ళ కొట్లాటల మీద వారపత్రికలు దశాబ్దాలపాటు అచ్చుకాగితం టన్నులకొద్దీ ఖర్చుపెట్టాయి. చెడ్డ కాపురం కథకి పనికొస్తుంది. చెడ్డ వసతి గృహం పనికిరాదా? సాయంత్రం ఆరింటికి గేటుకి తాళం వేసే వార్డెను కూడా ఒకప్పుడు అదే గేటులోంచి పెట్టె పట్టుకుని లోపలికొచ్చిన మనిషని నోటుపుస్తకంలో ఉంది. దాన్ని రాయడానికి పొగడ్త అక్కర్లేదు, చూపు కావాలి.

డెల్టా ఆడవాళ్ళకి ఇల్లు కట్టడం చేతకాదా? నర్సాపురం లేసు సంగతి చూడండి. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు ఇక్కడికొచ్చి అధ్యయనం చేసి 1982లో పుస్తకం అచ్చేసింది. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఆడవాళ్ళు అరుగు మీద కూర్చుని అల్లిన లేసు విదేశాలకెళ్ళింది. ఎగుమతి చేసిన మగవాళ్ళు మేడలు కట్టారు. అల్లినవాళ్ళ పేరు మాత్రం "ఇంట్లో ఖాళీగా కూర్చునే ఆడవాళ్ళు." పొద్దున్నించీ రాత్రిదాకా అల్లినా అది పని కాదు, తీరిక. ఇల్లు అన్న మాట ఎంత పనిని మింగెయ్యగలదో ఇంతకన్నా రుజువు కావాలా? ఆ తర్వాత కువైట్ వచ్చింది. రాజోలు నుంచి, పాలకొల్లు నుంచి, నర్సాపురం నుంచి ఆడవాళ్ళు ఇంటిపనికి ఎగిరారు. పరాయివాళ్ళ ఇల్లు తుడిచి పంపిన డబ్బుతో ఊళ్ళో డాబాలు లేచాయి. రంగులు చూస్తే కళ్ళు జిగేల్మంటాయి. ఆ డాబాలో మొగుడుంటాడు, అత్తగారుంటుంది, కొన్నిచోట్ల రెండో ఆవిడ కూడా ఉంటుంది. డబ్బు పంపినామె రెండేళ్ళకోసారి చుట్టంలా వస్తుంది. 2020 డిసెంబరు 25న కాకినాడ దగ్గర కొమరగిరిలో మొదలుపెట్టి రాష్ట్రమంతా ముప్ఫై లక్షల ఇళ్ళస్థలాల పట్టాలు ఆడవాళ్ళ పేరు మీదే ఇచ్చారు. మంచిదే. నేను కాదనను. పట్టా ఆమె పేరున ఉంది, తాగొచ్చి కొట్టినవాణ్ణి ఆ ఇంట్లోంచి బయటికి పంపే ధైర్యం ఎవరి పేరున ఉంది? పట్టా చేతిలో పెట్టుకుని మా ఆఫీసు అరుగు మీద రాత్రి పడుకున్న మనిషిని నేను చూశాను.

నోటుపుస్తకాలు రాసినామె గురించి అడుగుతారు కదా. ఆమె ఏడాది గడువు దాటకముందే వసతి గృహం నుంచి బయటికొచ్చింది. తమ్ముడింట్లో నాలుగు నెలలుంది. మరదలు మంచిదే, కానీ ఇల్లు మరదలిది. ఊళ్ళో ఒక గది చూసుకుంటే, మొగుడెక్కడున్నాడని అడిగారు, లేడంటే ఇవ్వమన్నారు, ఉన్నాడంటే తీసుకురమ్మన్నారు. సమావేశం జరిగిన మూడు నెలలకి ఆమె కూడా కువైట్ వెళ్ళింది. వెళ్ళేముందు ఒక రేకు పెట్టె మా ఆఫీసులో పెట్టింది. పైన రెండు చీరలు, కింద ఆ నాలుగు పుస్తకాలు. అప్పుడే చదివాను నేను వాటిని, ఆమె అనుమతితోనే. అచ్చులో సంసారాల నవలలకే అలవాటుపడ్డ నాకు, మొదటి యాభై పేజీల్లో ఎవరు ఎవరో తెలియడానికి తంటాలు పడాల్సొచ్చింది. ఎందుకంటే అందులో ఎవరూ ఎవరికీ భార్య కాదు, కోడలు కాదు, వదిన కాదు. పేర్లే. మనిషిని పేరుతోనే గుర్తుపెట్టుకోవడం మనకి ఎంత అలవాటు తప్పిందో అప్పుడు తెలిసింది. అక్షరదోషాలున్నాయి. సాగదీత ఉంది. అచ్చువేసేవాళ్ళు దొరికితే దిద్దుకోవచ్చు. ఇద్దరు ప్రచురణకర్తల్ని అడిగాను. ఒకాయన "ముగింపులో ఆమెకి పెళ్ళి చేస్తే" అన్నాడు. ఇంకొకాయన "మొగుడు మారి తిరిగొస్తే" అన్నాడు.

శుక్రవారం ఆమెకి సెలవు. పని చేసే ఇంట్లో మేడ మీద చిన్న గది ఇచ్చారట, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళతో కలిపి. ఒకామె కడప నుంచి, ఇంకొకామె శ్రీలంక నుంచి. ఫోను చేసినప్పుడల్లా చివరికి ఒక్క సంగతే అడుగుతుంది. "పెట్టె అక్కడే ఉందా అండీ? చోటు లేదని ఎవరైనా అంటే నా మంచం కింద పెట్టినట్టనుకోమనండి. ఇక్కడ అయిదో పుస్తకం మొదలెట్టాను."